వీపీఎన్ వాడకంలో డీఎన్ఎస్ లీకేజీ - పరిశీలించు విధానం

హనుమాన్ జయంతి వేళ జగిత్యాల జిల్లా కొండగట్టు నుండి వార్తలు, నివేదికలు పంపువారు లాడ్జి వైఫైపై ఆధారపడవలసి వచ్చినప్పుడు, వీపీఎన్ ఉన్నదన్న ధీమా ఒక్కటే చాలదు. వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చునది డీఎన్ఎస్. ఆ విన్నపం వీపీఎన్ మార్గాన్ని తప్పించుకొని స్థానిక సర్వరుకు చేరినచో, పంపిన సమాచారం గోప్యంగానే ఉన్నప్పటికీ, ఏ సైటు తెరిచినదీ ఇంటర్‌నెట్ సంస్థకు తెలిసిపోతుంది. వార్త అందించిన వ్యక్తి వివరాలు కాపాడవలసిన విలేకరికి ఇది చిన్న విషయం కాదు.

ముందుగా వీపీఎన్ లేకుండా డీఎన్ఎస్ లీక్ పరీక్ష పేజీ తెరచి, కనిపించిన సర్వర్ల పేర్లు రాసుకోవాలి. పిదప వీపీఎన్ కలిపి మరల పరీక్షించాలి. అప్పుడు కూడా స్థానిక ఇంటర్‌నెట్ సంస్థ సర్వర్లే కనిపించినచో లీకేజీ ఉన్నట్లే. విండోస్ 10 ఒకే ప్రశ్నను అన్ని నెట్‌వర్కులకూ పంపగలగడం, కొన్ని వీపీఎన్‌లు ఐపీవీ6ను విడిచిపెట్టడం ఇందుకు తరచు కారణాలు. కార్యాలయ కంప్యూటర్లలో ఈ సెట్టింగులను సొంతంగా మార్చక, సాంకేతిక సిబ్బందికి తెలియజేయడం మేలు.