నిప్పుకోడి తల ఎందుకు వంచుతుంది?

రెండో తరగతి చదివే మా అబ్బాయికి పోయిన నెల స్కూల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన పక్షి గురించి ఒక పేజీ రాసుకురమ్మన్నారు. "అమ్మా, నిప్పుకోడికి భయమేస్తే ఇసుకలో తల దూర్చేస్తుందట, అదే రాస్తా" అన్నాడు. నేనూ సరే అనేసేదాన్నే. చిన్నప్పటి నుంచి మనం విన్నదీ అదే కదా! ఎందుకైనా మంచిదని లైబ్రరీ నుంచి రెండు పుస్తకాలు తెచ్చి తిరగేశాను. వాడి పేజీ ఆ రాత్రే అయిపోయింది. నాకు మాత్రం ఆ పక్షి ఇంకా బుర్రలోనే తిరుగుతోంది.

ముందు లెక్కలు చూద్దాం. ఆఫ్రికా మైదానాల్లో తిరిగే మగ నిప్పుకోడి దాదాపు తొమ్మిది అడుగుల ఎత్తు వరకు పెరుగుతుంది. బరువు 100 నుంచి 150 కిలోలు. ఎగరలేదు కానీ గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. పాదానికి రెండే వేళ్ళు. కన్ను అడ్డంగా ఐదు సెంటీమీటర్లు, దాని మెదడు కన్నా పెద్దది! ఒక్క గుడ్డు కిలోన్నరకు కాస్త తక్కువ తూగుతుంది. మన లెక్కలో రెండు డజన్ల కోడిగుడ్లన్నమాట. ఒంటెలాంటి కాళ్ళు, మెడ చూసే దీన్ని ఉష్ట్రపక్షి అని కూడా అన్నారు.

అంత కాళ్ళబలం ఉన్న పక్షికి తల దాచుకోవాల్సిన ఖర్మ ఏముంది? ఆపద వస్తే పరుగు తీస్తుంది. తప్పకపోతే తంతుంది. ఆ తన్ను మనిషి ప్రాణం తీయగలదు. గూటి మీద కూర్చున్నప్పుడు మాత్రం మెడ నేలకు ఆనించి కదలకుండా పడుకుంటుంది. దూరం నుంచి చూస్తే మట్టిదిబ్బలా ఉంటుంది. ఇక తల కిందికి వంచేది ఎందుకంటే, నేలలో తవ్విన గుంటే దాని గూడు. అందులోని గుడ్లను ముక్కుతో అటూ ఇటూ తిప్పాలి. పిల్లల కోసం వంగిన తలను చూసి మనం పిరికితనం అని పేరు పెట్టామన్నమాట.

నన్ను ఆపేసింది ఆ గూడే. గుంట తవ్వేది మగపక్షి. అందులో గుడ్లు పెట్టేది ఒక్క తల్లి కాదు. పెద్ద ఆడపక్షి ఒకటి ఉంటుంది, దానితో పాటు మరికొన్ని ఆడపక్షులు వచ్చి అదే గూట్లో గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. పొదిగే బాధ్యత పెద్దదానిది, మగదానిది. పగలు మట్టిరంగు ఈకల ఆడపక్షి కూర్చుంటుంది, రాత్రికి నల్ల ఈకల మగపక్షి వస్తుంది. ఎవరి రంగు ఏ వేళకు కలిసిపోతుందో ఆ వేళకు వాళ్ళ డ్యూటీ! ఇలా సుమారు ఆరు వారాలు.

మరి ఆ పెద్దామె త్యాగమూర్తా? కాదు. 1970ల చివర్లో కెన్యాలోని త్సావో వెస్ట్ పార్కులో ఈ గూళ్ళను గమనించిన బ్రయన్ బెర్ట్రమ్ అనే శాస్త్రవేత్త ఒక విషయం కనిపెట్టారు. ఒక పక్షి సుమారు ఇరవై గుడ్లనే పొదగగలదు. అంతకు మించితే పెద్ద ఆడపక్షి తన గుడ్లను గుర్తుపట్టి మధ్యలో ఉంచుకుంటుంది, మిగిలిన వాటిలో కొన్నిటిని అంచుకు నెట్టేస్తుంది. నక్కలో రాబందులో వస్తే ముందు పోయేవి అంచు గుడ్లే. అంటే పక్కవాళ్ళ గుడ్లకు చోటివ్వడం వల్ల తన గుడ్లకూ రక్షణ. పైగా పిల్లలు పుట్టాక రెండు మూడు గూళ్ళ పిల్లలు కలిసి, ఒకే జంట వెనకాల తిరగడం కూడా మామూలే.

ఇది చదివినప్పుడు నాకు మా చిన్నది పుట్టిన రోజులు గుర్తొచ్చాయి. వీసా ఆలస్యమై అమ్మ టైముకు రాలేకపోయింది. మా అపార్ట్‌మెంట్లో ముగ్గురు స్నేహితులు వంతులేసుకున్నారు. ఒకరు పెద్దవాణ్ణి స్కూల్ నుంచి తెచ్చేవారు, ఒకరు చారు, కూర పంపేవారు. "నా పిల్లల్ని పరాయివాళ్ళ మీద పడేస్తున్నానా?" అని రాత్రుళ్ళు ఎంత కుమిలిపోయానో. తర్వాత వాళ్ళకు అవసరమైనప్పుడు వాళ్ళ పిల్లలు మా ఇంట్లోనే పెరిగారు. సాయం అడగడం బలహీనత కాదని, అందులో ఇద్దరి లాభమూ ఉంటుందని నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇంకో మాట. ఈ పక్షి మనకు పరాయిదేమీ కాదు. 2024లో ప్రకాశం జిల్లాలో పురావస్తు శాస్త్రవేత్తలకు సుమారు 41,000 ఏళ్ళ నాటి నిప్పుకోడి గూడు బయటపడింది. తొమ్మిది పది అడుగుల వెడల్పు, అందులో తొమ్మిది నుంచి పదకొండు గుడ్లు ఉండేవని అంచనా. మన ఊళ్ళ నేల మీద కూడా ఒకప్పుడు ఈ తల్లులు ఇలాగే తల వంచి గుడ్లు తిప్పుకున్నారన్నమాట.

ఈసారి పిల్లలతో జూకు వెళ్తే నిప్పుకోళ్ళ దగ్గర కాసేపు ఆగండి. నల్లగా ఉన్నది నాన్న, మట్టిరంగుది అమ్మ అని చూపించండి. పాదాల వేళ్ళు లెక్కపెట్టమనండి. అది తల వంచితే, ఎందుకో మీ పిల్లలే పక్కవాళ్ళకు చెప్పాలి!