వాటర్ బేస్డ్ అంటే కడిగితే పోతదని కాదు! బతుకమ్మకు ఇంట్లో చేసుకునే రంగు

ఈ రోజు ముచ్చట నాకు మూడు వేల రూపాయలు ఖర్చు పెట్టించింది. మీకు ఫ్రీగా చెప్తున్న.

పోయినేడు సద్దుల బతుకమ్మకు, కరీంనగర్‌ల మేం కిరాయికున్న ఇంటి కాంపౌండ్ గోడ మీద పెద్ద బతుకమ్మ బొమ్మ వేసిన. అక్రిలిక్ డబ్బా మీద 'వాటర్ బేస్డ్' అని ఉండె. నీళ్లు కలిపి వేస్తున్నం కదా, నీళ్లు పోస్తే పోతదనుకున్న. పండుగైనంక పొద్దంతా రుద్దిన, పోలే. ఇల్లు ఖాళీ చేసిన రోజు అడ్వాన్సుల మూడు వేలు కోసుకున్నరు. అమ్మ ఒక్క మాటే అన్నది: "జాజు పూస్తే అయిపోయేదానికి డబ్బాలెందుకు రా?"

అప్పుడు కూర్చొని చదివిన. ఏ రంగులైనా ముఖ్యంగా రెండు ఉంటయి: రంగునిచ్చే పొడి, దాన్ని గోడకు పట్టించే బంక. రంగు ఉంటదా పోతదా అనేది ముందుగా బంక చేతుల ఉంటది. అక్రిలిక్‌ల నీళ్లు ఆరిపోంగనే సన్నటి ప్లాస్టిక్ కణాలు ఒకదానికొకటి అతుక్కొని పొర అయితయి. మళ్లీ నీళ్లు పోసినా ఆ పొర కరగదు. గేట్లకు వేసే ఎనామిల్ గాలిలోని ఆక్సిజన్‌తోని కలిసి గట్టిపడతది. సున్నం కూడా అంతే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని మళ్లీ రాయి అయితది. పైగా తడి సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలతోని చేసే పనికి అది వద్దు.

మరి కడిగితే పోయే బంక ఏంది? మన గంజి. బియ్యప్పిండిల ఉండే స్టార్చ్ వేడికి ఉబ్బి బంక అయితది. ఆరినంక కూడా తడి తగిలితే మెత్తబడతది.

ఎట్ల చేయాలె:
1. రెండు స్పూన్ల బియ్యప్పిండి లేదా కార్న్‌ఫ్లోర్‌ను ముందు కొన్ని చల్ల నీళ్లల్ల ఉండలు లేకుండ కలపండి.
2. ఒక గ్లాసు నీళ్లు మరగబెట్టి, అందుల పోసి, చిక్కబడేదాక కలుపుతనే ఉండండి.
3. చల్లారినంక తెలుపుకు ముగ్గు పిండి, ఎరుపుకు జాజు కలపండి. బ్రష్‌కు జారకుండ ఉంటే చాలు.
4. ఏ రోజుది ఆ రోజే చేసుకోండి, గంజి పులుస్తది. చీమలు కూడా వస్తయి.

ఇప్పుడు అసలు కిటుకు. బంక పోయినా రంగు మిగలొచ్చు. జాజు అంటే ఇనుము ఉన్న ఎర్రమట్టి, నీళ్లల్ల కరగదు. కానీ సన్నటి పొడి సున్నం గోడ రంధ్రాలల్ల ఇరుక్కుంటది. పసుపు, ఫుడ్ కలర్, గునుగు పూలకు అద్దే రంగు, హోళీకి ఆదిలాబాద్ దిక్కు మోదుగుపూలతోని చేసే రంగు, ఇవన్నీ లోపలికి ఇంకి మరక పెడతయి. ఇంకోటి, పసుపు సున్నం గోడకు తగిలితే ఎర్రగా మారతది. పారాణి అట్లనే కదా అయ్యేది!

అందుకే ముందు గోడకు ఉత్త గంజి ఒక పూత వేసి ఆరనియ్యండి. దాని మీద బొమ్మ వేయండి. కడిగినప్పుడు కింది పొర కరిగి పైరంగును కూడా తీసుకపోతది. కొన్ని దేశాలల్ల గోడల మీద పిచ్చి రాతలు పడకుండ ఇట్లనే కడిగితే పోయే పూత వేస్తరు. అయినా ముందు ఓ మూలకు చెయ్యంత జాగల వేసి, మరునాడు కడిగి చూడండి. మరక మిగిలితే ఆ గోడ జోలికి పోకండి, అట్టముక్క మీద వేసి ఆనించండి.

బతుకమ్మ రోజులల్ల వాన ఎప్పుడొస్తదో తెలువదు. వానొస్తే జాజు ధారలు కట్టి కిందికి కారతది. అందుకే సజ్జ కింద వేయండి, సద్దుల నాడు పొద్దున వేస్తే సాయంత్రం ఆటకు సరిపోతది. అక్టోబర్ 31న అపార్ట్‌మెంట్ల హాలోవీన్ చేసుకునేటోళ్లు కూడా కిటికీ అద్దం మీద ఈ తెల్ల రంగుతోనే దయ్యం బొమ్మ వేసుకోవచ్చు. అద్దానికి రంధ్రాలు ఉండవు, తడిబట్టతోని తుడిస్తే సాఫ్.

నా మూడు వేలు ఎట్లా పోయినయి, మీ అడ్వాన్స్ అన్నా కాపాడుకోండి. వచ్చే ఎపిసోడ్‌ల కలుద్దాం!