చిన్న ప్లేస్కూళ్ల అంతర్జాల ప్రచారం – తెలుగు భాష పాత్ర: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నేపథ్యంలో వివేచన

వ్యాస సంగ్రహం

మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల కోసం నడిచే చిన్న ప్రైవేటు ప్లేస్కూళ్లకు అంతర్జాలం తక్కువ ఖర్చుతో అందే ప్రచార సాధనం. అయితే ఈ బడులు తరచుగా పెద్ద సంస్థల ప్రకటనల భాషనే అనుకరిస్తాయి. అతిశయోక్తి నిండిన ఆ భాష చిన్న బడికి మేలు చేయదని, బడిలో జరిగే పనిని ఉన్నదున్నట్టుగా తల్లిదండ్రుల భాషలో చెప్పే స్వభావోక్తే దానికి తగిన ప్రచారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల భాషా సామాజిక పరిస్థితులను ఆధారం చేసుకొని కొన్ని ఆచరణ మార్గాలను, వాటి పరిమితులను వివరిస్తుంది.

కీలక పదాలు: ప్లేస్కూలు, అంతర్జాల ప్రచారం, స్వభావోక్తి, ఇంటి భాష, బాలల గోప్యత.

1. ఉపోద్ఘాతం

ప్రకటన కూడా ఒక భాషా వ్యవహారమే. చెప్పేవాడు, వినేవాడు, చెప్పే విషయం, చెప్పే తీరు అనే నాలుగూ అందులో ఉంటాయి. సబ్బు ప్రకటనకూ బడి ప్రకటనకూ మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. సబ్బు నచ్చకపోతే మరుసటి నెల మార్చుకోవచ్చు. మూడేళ్ల బిడ్డను తొలిసారి ఇల్లు దాటించి ఒక బడికి అప్పగించడం అటువంటి నిర్ణయం కాదు. తల్లిదండ్రులు అక్కడ వెతికేది నమ్మకం. ఆ నమ్మకాన్ని ఏ భాష కలిగిస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

భారతీయ అలంకారశాస్త్రంలో ఈ ప్రశ్నకు ఉపకరించే ఒక చర్చ ఉంది. భామహుడు వక్రోక్తికి ప్రాధాన్యమిచ్చాడు. దండి తన ‘కావ్యాదర్శం’లో అర్థాలంకారాలను స్వభావోక్తితో ప్రారంభించాడు. వస్తువును దాని సహజ రూపంలో, కళ్లకు కట్టినట్టు చెప్పడం స్వభావోక్తి. లోకం హద్దు దాటించి చెప్పడం అతిశయోక్తి. వాణిజ్య ప్రకటన ఎక్కువగా రెండవదానిని ఆశ్రయిస్తుంది. చిన్న ప్లేస్కూలుకు మొదటిదే ఎందుకు తగునో ముందుగా దాని స్థితిని బట్టి పరిశీలించాలి.

2. పూర్వ ప్రాథమిక విద్య – పోటీ స్వరూపం

జర్మనీలో ఫ్రోబెల్ 1837లో ప్రారంభించిన శిశువిద్యాలయం తరువాత ‘కిండర్‌గార్టెన్’గా ప్రసిద్ధమైంది. రోమ్‌లో మాంటిస్సోరి తొలి బాలగృహం 1907లో మొదలైంది. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరాన్ని నెలకొల్పాడు. ప్రభుత్వ పక్షాన 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ద్వారా అంగన్‌వాడీలు వచ్చాయి. జాతీయ విద్యావిధానం 2020 మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు గల వయసును పునాది దశగా గుర్తించింది. వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో లేదా స్థానిక భాషలో బోధన జరగాలని సూచించింది.

నేటి జిల్లా కేంద్రంలో చిన్న ప్లేస్కూలు ఇరువైపులా పోటీని ఎదుర్కొంటుంది. ఒకవైపు రుసుము లేని అంగన్‌వాడీ, మరోవైపు పెద్ద పేరుతో వచ్చే ఫ్రాంచైజీ. ఫ్రాంచైజీకి ప్రచార సామగ్రి కేంద్ర కార్యాలయంలోనే తయారవుతుంది. అదే నవ్వుముఖం, అదే నినాదం ఏ ఊళ్లోనైనా కనిపించవచ్చు. అది దాని బలం, బలహీనత కూడా. ఆ ప్రకటనకు ఊరు తెలియదు. అద్దె ఇంట్లో ఇద్దరు ఉపాధ్యాయినులు, ఒక ఆయాతో నడిచే బడికి ఆ ఊరే పెట్టుబడి. ‘ఉజ్వల భవిష్యత్తు’, ‘అంతర్జాతీయ ప్రమాణాలు’ వంటి మాటలను ఆ బడి తన ఫ్లెక్సీ మీద వేసుకున్నప్పుడు, తన బలాన్ని వదిలి పోటీదారు బలాన్ని అరువు తెచ్చుకున్నట్టవుతుంది.

3. మూడు పట్టణాలు – మూడు శ్రోతృసమాజాలు

ఉమ్మడి వరంగల్ జిల్లా భాగాలైన ఈ మూడు పట్టణాలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. వీటి శ్రోతలు మాత్రం ఒకే విధమైనవారు కారు.

జనగామ హైదరాబాద్ – వరంగల్ రహదారి మీద, రైలు మార్గం మీద ఉంది. లోహకళకు పేరుపొందిన పెంబర్తి, పోతనకు ఇంటిపేరుగా నిలిచిన బమ్మెర ఈ జిల్లాలోనివే. రోజూ ప్రయాణం చేసి ఉద్యోగానికి వెళ్లే తల్లిదండ్రులకు బడి వేళలు, బిడ్డను తీసుకెళ్లేవారి వివరాలు ముఖ్యం.

మహబూబాబాద్‌ను జనం నేటికీ మానుకోట అని పిలుస్తారు. ఈ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. తండాల నుంచి పట్టణానికి వచ్చిన అనేక కుటుంబాలలో ఇంటి భాష లంబాడీ. అక్కడి పసిబిడ్డకు తెలుగే రెండో భాష కావచ్చు, ఆంగ్లం మూడోది.

భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల పట్టణం. సమీపంలోని చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. షిఫ్టులలో పనిచేసే కుటుంబాలలో తండ్రి ఒక వారం పగలు, మరొక వారం రాత్రి ఇంట్లో ఉంటాడు. ఇక్కడ సందేశం పంపే వేళ కూడా ప్రచారంలో భాగమే.

4. స్వభావోక్తి ఆధారిత ప్రచార మార్గాలు

4.1 ఒక రోజు, ఒక పని: బడి పొగడ్తకు బదులు బడిలో ఆనాడు జరిగిన ఒక పనిని వాట్సాప్ స్టేటస్‌లోనో ఫేస్‌బుక్ పుటలోనో రెండు వాక్యాల్లో రాయవచ్చు. ‘మా బడిలో గణితానికి ప్రత్యేక శిక్షణ’ అన్న వాక్యం ఏమీ చూపదు. ‘ఇవాళ పిల్లలు చింతగింజలను ఐదేసి కుప్పలుగా పేర్చారు. ఏ కుప్ప పెద్దదో తేల్చడానికి మళ్లీ మళ్లీ లెక్కపెట్టారు’ అన్న వాక్యాలు బోధన పద్ధతిని, వస్తువును, పిల్లల ఉత్సాహాన్ని ఒకేసారి చూపుతాయి. చదివిన తల్లి తన ఇంట్లోనూ ఆ ఆట ఆడించగలదు. ఆ ఉపయోగమే సందేశాన్ని పక్కింటికి చేరుస్తుంది.

4.2 వినిపించే ప్రకటన: చదవడం కంటే వినడానికి అలవాటుపడిన తల్లికి, నానమ్మకు వాయిస్ సందేశం దగ్గరగా ఉంటుంది. ‘శనివారం పొద్దున పది గంటలకు బడిల మట్టిబొమ్మలు చేస్తున్నం. మీ పిల్లలను తోల్కరాండ్రి, మీరూ కూసోండ్రి’ అని ఆయా గొంతులో వినిపించే పిలుపు ముద్రిత ఆహ్వానం కన్నా ఆత్మీయమైనది. మానుకోటలో అదే సందేశాన్ని లంబాడీ తెలిసిన ఉపాధ్యాయిని చేత కూడా చెప్పిస్తే, బిడ్డ ఏడిస్తే ఆ ఏడుపు అర్థమయ్యేవారు బడిలో ఉన్నారన్న భరోసా కలుగుతుంది.

4.3 పొడుపుకథ: వాట్సాప్ స్టేటస్ 24 గంటలు మాత్రమే ఉంటుంది. పొడుపుకథకు ఆ గడువు సరిగ్గా సరిపోతుంది. ఒకనాడు పొడుపు, మరునాడు విప్పు. ఇంటి పెద్దలు చెప్పిన పొడుపుకథలను సేకరించి, వారి అనుమతితో వినిపించినప్పుడు కుటుంబం మొత్తం ప్రచారంలో భాగస్వామి అవుతుంది. స్థానిక మౌఖిక సాహిత్యం కూడా నమోదవుతుంది.

4.4 వెతికినవారికి దొరకడం: గూగుల్ మ్యాప్స్‌లో బడి పేరు, వేళలు, ఫోను నంబరు నమోదు చేయడానికి రుసుము లేదు. వివరణను తెలుగులోనూ రాయాలి. మహబూబాబాద్‌తో పాటు మానుకోట అన్న పేరునూ వాడాలి. ‘బస్టాండు వెనుక’, ‘రైల్వే గేటు అవతల’ వంటి జనవ్యవహారంలోని గుర్తులు వీధి నంబరు కంటే త్వరగా దారి చూపుతాయి.

4.5 సందేశం చేరే క్రమం: వాట్సాప్ ప్రసార జాబితాలో 256 మంది వరకు చేర్చవచ్చు. అయితే బడి నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్నవారికే ఆ సందేశం అందుతుంది. కాబట్టి నంబర్లను ఎక్కడినుంచో కొని తెచ్చినా ఫలితం ఉండదు. ముందు పరిచయం, తరువాతే ప్రచారం. తెలంగాణలో పాఠశాలలు జూన్ నెలలో తెరుచుకుంటాయి. ఏప్రిల్‌లో హడావుడిగా మొదలుపెట్టే ప్రచారం కంటే బతుకమ్మ రోజుల నుంచి వారానికొక సందేశం చొప్పున సాగేది పరిచయాన్ని పెంచుతుంది. విచారించడానికి వచ్చిన ప్రతివారినీ ‘మా గురించి ఎక్కడ విన్నారు?’ అని అడిగి నోటుపుస్తకంలో రాసుకుంటే, ఏ మార్గం పనిచేస్తున్నదో ఖర్చు లేకుండా తెలుస్తుంది.

5. ఆంగ్లం అనే అభ్యంతరం

తల్లిదండ్రులు కోరేది ఆంగ్లమే కదా, తెలుగులో ప్రకటిస్తే బడిని తక్కువగా చూడరా అన్న ప్రశ్న సహజమైనది. ఈ కోరికను కొట్టిపారేయడం తగదు. తమకు మూసుకుపోయిన అవకాశాలు బిడ్డకు తెరుచుకోవాలన్న ఆశ అందులో ఉంది. ప్రచారం చేయవలసింది ఆ ఆశకు దారిని వివరించడం. జామకాయను చేతపట్టి, కొరికి, దాని గురించి తన భాషలో మాట్లాడిన పిల్లకు ‘గువా’ అన్నది ఒక కొత్త పేరు మాత్రమే. ఆ అనుభవం లేకుండా బొమ్మల పుస్తకంలో చూసిన పిల్లకు వస్తువూ కొత్తదే, పేరూ కొత్తదే. ఇంటి భాష ఆంగ్లానికి అడ్డు కాదన్న సంగతిని ఇటువంటి ఉదాహరణతో అరనిమిషం వీడియోలో చెప్పవచ్చు. అది ప్రకటనగా మొదలై తల్లిదండ్రుల విద్యగా మారుతుంది.

6. హద్దులు

ప్లేస్కూలు ప్రచారంలో అత్యంత సులభమైన వస్తువు పసివాడి ముఖం. అత్యంత జాగ్రత్త అవసరమైనదీ అదే. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 పద్దెనిమిదేళ్ల లోపువారిని బాలలుగా పరిగణిస్తుంది. వారి సమాచార వినియోగానికి తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన సమ్మతి ఉండాలంటుంది. దీని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. బాధ్యతలు దశలవారీగా అమలులోకి వస్తాయి. చట్టం మాట అటుంచినా, మూడేళ్ల బిడ్డ తన ఫొటోకు తాను ఒప్పుకోలేదు. ప్రవేశపత్రంలో ఒక మూల చిన్న అక్షరాల్లో తీసుకొనే సంతకం నిజమైన సమ్మతి కాదు. సమ్మతిపత్రం వేరుగా, తెలుగులో, ఎప్పుడైనా ఉపసంహరించుకొనే వీలుతో ఉండాలి. ఇవ్వనివారి బిడ్డకు ఏ తేడా రాకూడదు.

ముఖం లేకుండానూ బడిని చూపవచ్చు. మట్టి అంటిన చేతులు, పేర్చిన చింతగింజలు, గుమ్మం ముందు వరుసగా విడిచిన చిన్న చెప్పులు తగినంత చెబుతాయి. పిల్లలను బయటికి తీసుకెళ్లినప్పుడు తిరిగి వచ్చాకే ఆ విశేషం పెట్టాలి.

రెండో హద్దు సత్యానిది. తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ప్రకారం ప్రకటనలోని వాదనకు ఆధారం ఉండాలి. ‘జిల్లాలో నంబర్ వన్’ అన్న మాటకు ఆధారం చూపడం ఏ చిన్న బడికైనా కష్టం. ‘పన్నెండు మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయిని’ అన్న మాట నిజమైతే, వచ్చి లెక్కపెట్టుకొమ్మని ఆహ్వానించవచ్చు. రుసుము, వేళలు, ఆయాల సంఖ్య, మరుగుదొడ్డి సౌకర్యం బహిరంగంగా చెప్పడమే అన్నిటికన్నా బలమైన ప్రకటన. అంగన్‌వాడీని చులకన చేసే ప్రచారం అనైతికమే కాదు, అవివేకం కూడా. ఇరుగుపొరుగు పిల్లల్లో ఎందరో అక్కడ పెరుగుతున్నవారే.

7. ముగింపు

పోతన భాగవతంలోని బాలకృష్ణుని క్రీడలు పాఠకుని మనసులో నిలవడానికి ఒక కారణం, అక్కడ పసితనం పసితనంగా కనిపించడం. బమ్మెరకు కొద్ది దూరంలో నడిచే ఒక చిన్న బడి తన పిల్లల గురించి చెప్పేటప్పుడు అరువు నినాదాలను ఆశ్రయించనవసరం లేదు. ఈ ప్రచార మార్గాలన్నిటికీ ఒక షరతు ఉంది. చెప్పడానికి బడిలో ఏదో ఒక మంచి పని నిజంగా జరుగుతూ ఉండాలి. అతిశయోక్తి ఆ లోటును కొంతకాలం కప్పిపెట్టగలదు. స్వభావోక్తికి ఆ వెసులుబాటు లేదు. అందుచేతనే అది తల్లిదండ్రులకు నమ్మదగిన ప్రకటన, బడికి ప్రతిరోజూ ఎదురయ్యే పరీక్ష. తెలుగు శాఖల పరిశోధకులు ప్రకటనల భాషను వ్యాకరణదోషాల పట్టికగానే కాక ఈ కోణంలోనూ పరిశీలించవలసి ఉంది. జిల్లా పట్టణాల బడిగోడలు, ఫోను తెరలు అందుకు తగిన క్షేత్రాలు.