పాతవస్తువులతో వాడకొక పనిశాల

మన పెద్దల ఇండ్లలో చిరిగిన చీర చెత్తకుప్పకు పోయెడిది కాదు. నాలుగైదు పాతచీరలు ఒకదానిపై నొకటి పరచి, దగ్గరదగ్గరగా కుట్లువేసి బొంత చేసెడివారు. చదివిన కాగితములను నానబెట్టి, మెంతులతో చేర్చి రుబ్బి, ఆ గుజ్జుతో చాటలను, బుట్టలను అలికెడివారు. కావలసినదే చేసెడివారు, చేసినదానిని వాడెడివారు. ఈ సూత్రమును మరచి, ఖాళీ సీసాకు రంగుపూసి అలమరలో నిలిపినందువలన ప్రయోజనము లేదు. అది కొన్నాళ్లకు మరల చెత్తలోనికే చేరును.

కనుక వాడలోని పదిమంది కలసి ఇట్టి పనిశాల పెట్టదలచినపుడు, ఎవరికి ఏమి కావలెనో మొదట విచారింపవలెను. అంగన్‌వాడీ పిల్లలకు బొంతలు కావలెనేమో, బజారుకు పోవువారికి గుడ్డసంచులు కావలెనేమో! పిదప ఆ పని తెలిసిన చేతులను వెదకవలెను. బొంత కుట్టు అవ్వ, పాతటైరుతో చెప్పుల అడుగులు కోయగల పనివాడు - వీరే ఇచట గురువులు. వారికి గౌరవముతోపాటు కూలియు ముట్టజెప్పవలెను. వస్తువు పాతదైనంతమాత్రమున పనితనము చవుక కాదు గదా!

స్థలమునకు ఆడంబర మక్కరలేదు; గాలి, వెలుతురు గల వసారా చాలును. వచ్చిన వస్తువులను ఏరుటకు, కడుగుటకు, ఎండబెట్టుటకు, పనిచేయుటకు నాలుగు తావులు వరుసగా నేర్పరచినచో మురికిది, శుభ్రమైనది కలసిపోవు. కత్తెరలు, సుత్తులు గోడకు తగిలించి, ప్రతి పనిముట్టు వెనుక దాని ఆకారమును గీసియుంచినచో, సాయంకాలము ఏది తక్కువైనదో పసివాడైనను చెప్పగలడు. ఒక గురువునకు ఎనమండుగురికి మించి శిష్యులు లేకుండుట మంచిది.

ఒక్క విషయమున మాత్రము మొగమాటము పనికిరాదు. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినను నీటికిగాని, గింజలకుగాని వాడరాదు. పాడైన బ్యాటరీలను, పగిలిన ట్యూబులైట్లను, రంగు పెచ్చులూడు చెక్కను గడప దాటి రానీయరాదు. ట్యూబులైట్లలో పాదరసము, పాతరంగులలో సీసము ఉండవచ్చును. రేకు డబ్బాల అంచులు మడిచి, సుత్తితో అణచిన పిదపనే పిల్లల చేతికీయవలెను.

చండీగఢ్‌లో నేక్‌చంద్ పగిలిన గాజులను, పింగాణీ ముక్కలను ఏరి, 1957 ప్రాంతమున ఒంటరిగా ఆరంభించిన శిలోద్యానము 1976లో ప్రజలకు తెరువబడినది. ఒక్కని ఓపికకు అంత ఫలమున్నపుడు, పదిమంది కూడి పది బొంతలు కుట్టలేరా?

పనిశాల జయాపజయములు ప్రారంభోత్సవమునాడు తేలవు. ఏడాది గడచిన పిదప ఆ యిండ్లకు పోయి చూడవలెను. బొంతపై బిడ్డ నిదురించుచున్నచో, సంచి కూరలతో నిండి వచ్చుచున్నచో, ఆ పనిశాల నిలిచినట్లే.