విక్రమ్ రెండోసారి ఎలా దిగింది

2019 సెప్టెంబర్ 7న అర్ధరాత్రి దాటాక చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి నేలను ఢీకొంది. ఆ ప్రమాదం గురించి ఇస్రో ఛైర్మన్‌గా ఎస్. సోమనాథ్ 2023 జులైలో చెప్పిన వివరాల్లో మూడు సంగతులు ఒకదాన్ని ఒకటి ముదరబెట్టినట్టు కనిపిస్తుంది. అయిదు ఇంజన్ల తోపుడు బలం లెక్కగట్టినదానికంటే ఎక్కువైంది. దానివల్ల వచ్చిన తేడాలను అప్పటికప్పుడు సరిదిద్దుకునే వీలు లేదు. కెమెరా కింది నేలను ఫొటో తీయాలంటే ల్యాండర్ అటూ ఇటూ తిరగకుండా కాసేపు ఒకే తీరున సాగాలి మరి. ఆ కాసేపట్లో తేడాలు పోగుపడ్డాయి. దిద్దుకునే దశ వచ్చేసరికి ల్యాండర్ చాలా వేగంగా తిరగాల్సి వచ్చింది. అంత వేగాన్ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన పరిమితి ఒప్పుకోలేదు. పైగా దిగాల్సిన చోటు 500 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. నేల దగ్గరపడుతున్నా, ఆ చిన్న చోటికే చేరాలని ల్యాండర్ వేగం పెంచుకుంటూ పోయింది.

ఇంజన్ల లెక్క సవరించి, తిరిగే వేగం మీది పరిమితి సడలిస్తే చాలదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చాలదనే నా అభిప్రాయం. అలా చేస్తే 2019లో జరిగిన ప్రమాదం ఒక్కటే తప్పుతుంది. చంద్రుడి మీద మరో రోజు మరో పరికరం మొరాయించవచ్చు. రెండో ప్రయత్నం చేపట్టిన చంద్రయాన్-3 బృందం చేసిన గొప్ప పని ప్రశ్నను మార్చడం. సెన్సర్ పనిచేయకపోతే, ఇంజన్ ఆగిపోతే, లెక్క తప్పితే అప్పుడెలా దిగాలి అని ముందే ఆలోచించి, దాన్నిబట్టి విక్రమ్ అనే పేరుతోనే కొత్త ల్యాండర్‌ను మలిచారు. సెకనుకు 3 మీటర్ల వేగంతో నేలను తాకినా తట్టుకునేలా కాళ్లను గట్టిపరిచారు. నడిమి ఇంజన్ తీసేసి నాలుగే ఉంచారు. వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ పరికరం చేర్చారు. ఇంధనం పెంచారు. అన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది దిగే చోటులో వచ్చిన మార్పు. దాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు విస్తరించారు. దీనికోసం ల్యాండర్ మీద ఒక్క గ్రాము బరువు పెంచనక్కర్లేదు, కానీ అంత మేరా రాళ్లూ గోతులూ ఎక్కడున్నాయో ముందే తెలియాలి. ఆ సమాచారం ఇచ్చింది చంద్రయాన్-2 ఆర్బిటర్ కెమెరాయే. ల్యాండర్ కూలినా ఆర్బిటర్ చంద్రుడి చుట్టూ తిరుగుతూ పనిచేస్తూనే ఉంది.

ఇన్ని జాగ్రత్తలకు బరువు రూపంలో మూల్యం చెల్లించాలి కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. రోవర్‌తో కలిపి 1471 కిలోలున్న ల్యాండర్ రెండోసారికి 1752 కిలోలయింది. అయితే ఆర్బిటర్ అక్కడే ఉంది కాబట్టి మళ్లీ మోసుకెళ్లే పని లేదు. దాని స్థానంలో కాస్త తేలికైన చోదక మాడ్యూల్‌ను పెట్టారు. ఆ రకంగా మొత్తం బరువు రెండుసార్లూ దాదాపు ఒక్కటే. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి మొదటిసారి లాగే ఎల్‌వీఎం-3 రాకెట్టే దాన్ని తీసుకెళ్లింది. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: ఒక్కసారి దిగినంత మాత్రాన ఆ రూపకల్పన సరైనదని ఎలా చెప్పగలం? ఒక్క విజయం రుజువు కాదు, నిజమే. కానీ నా నమ్మకం ఆ ఒక్క సాయంత్రం మీద ఆధారపడింది కాదు. ప్రయోగానికి ముందే సెన్సర్లను హెలికాప్టర్‌కు కట్టి, ఇంజన్లను క్రేన్‌కు వేలాడదీసి, కాళ్లను రకరకాల స్థితుల్లో నేలకు తాకించి పరీక్షించారు. తేడా వస్తే ఏమవుతుందో భూమి మీదే చూసుకున్నారు. ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ క్షేమంగా దిగింది. మిగిలిన ఇంధనమూ వృథా పోలేదు. సెప్టెంబర్ 3న ఇంజన్లను మళ్లీ వెలిగిస్తే ల్యాండర్ సుమారు 40 సెంటీమీటర్లు పైకి లేచి, 30, 40 సెంటీమీటర్ల అవతల దిగింది. చంద్రుడి నుంచి మట్టి తేవాలన్నా మనిషిని వెనక్కి రప్పించాలన్నా ముందు నేర్వాల్సిన పని అదే.