మూసినచోట కుంపటి



పుష్యమాసపు చలిలో లంబసింగి మొదలగు మన్యప్రదేశములకు బోవు యువకులు గుడ్డ గుడారములలో రాత్రి గడుపుచున్నారు. కొందరు చిన్న గ్యాసుకుంపటిని వెంట గొనిపోవుదురు. పెద్దలగు మీరు వారికి ముందుగా చెప్పవలసిన మాట యొకటి కలదు.

నిప్పునకు గాలి యాహారము. మూసిన గుడారములో గాలి చాలనప్పుడు గ్యాసు పూర్తిగా మండక, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. గ్యాసు కారినచో, అందు కలిపిన వాసన మనలను హెచ్చరించును. ఈ విషమునకు వాసనయు లేదు, రంగును లేదు. ఇది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన పట్టుతో రక్తము నంటి, దాని చోటు నాక్రమించును. తలనొప్పి, తల తిరుగుట, వికారము, మగత దీని గుర్తులు. నిద్రించువానికి ఆ గుర్తులును తెలియవు.

ఇది క్రొత్త ముప్పు కాదు. నా చిన్నతనమున మా యింట బాలింతగదిలో బొగ్గులకుంపటి పెట్టి తలుపులు బిగించిరి. తెల్లవారుజామున తల్లియు బిడ్డయు మగతగా పడియుండగా బయటికి దెచ్చిరి. గాలి తగిలి తేరుకొనిరి. దృష్టిదోష మని దిష్టి తీసిరి. అది దృష్టి కాదు, మూసిన తలుపు.

కావున గ్యాసుదైనను బొగ్గులదైనను కుంపటిని గుడారము వెలుపలనే వెలిగింపవలయును; పరుండుటకు ముందు ఆర్పవలయును. లోపల కంబళ్లే శరణ్యము. ఎవరికైనను తల తిరిగినచో తక్షణమే ఆరుబయటికి జేర్చి, పిమ్మట 108కి ఫోను చేయవలయును.

చలి కాచుకొనుడు, నిప్పును ప్రక్కన బెట్టుకొని నిద్రింపకుడు. సెలవు.