ముందుగా కోత పడే పద్దు

గ్రీస్‌లో మత్తుమందు ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో 2009లో కొత్తగా 15 మందికి హెచ్‌ఐవీ బయటపడింది. 2012లో ఆ లెక్క 484కి చేరింది. ఎక్కువమంది ఏథెన్స్‌లోనివాళ్లే. అప్పుల్లో కూరుకుపోయిన ప్రభుత్వం పొదుపు మొదలెట్టిన తొలి ఏడాదే, వీధుల్లో తిరిగి ఇలాంటివాళ్లను కలిసే కార్యక్రమాల్లో మూడో వంతు డబ్బుల్లేక ఆగిపోయాయి. నేరమంతా కోతల మీదే మోపడం న్యాయం కాదు. ఉద్యోగాలు, ఇళ్లు పోయి చాలామంది రోడ్డున పడ్డారు. శుభ్రమైన సిరంజిల పంపిణీ అంతకుముందూ అంతంతమాత్రమే. అయితే ముప్పు ముంచుకొచ్చే వేళకు దాన్ని పసిగట్టాల్సిన మనుషులే వీధిలో పలచబడ్డారు. చివరికి 2012లో ‘అరిస్టాటిల్’ అనే కార్యక్రమం పెట్టి, పరీక్షకు వచ్చినవాళ్ల చేతికే కూపన్లిచ్చి తోటివాళ్లను పిలిపించుకుంటూ, వేలమందికి పరీక్షలు చేయాల్సి వచ్చింది. తెగిపోయిన పరిచయాలను ప్రభుత్వం మళ్లీ కొనుక్కోవలసి వచ్చిందన్నమాట.

హెచ్‌ఐవీ నివారణ అనగానే మనకు గోడమీది పోస్టర్లు గుర్తొస్తాయి. నిజానికి ఆ పద్దులో అసలు సరుకు పరిచయమే. మన దగ్గర సెక్స్ వర్కర్లు, స్వలింగ సంపర్కులైన పురుషులు, ట్రాన్స్‌జెండర్లు, ఇంజెక్షన్ల అలవాటున్నవాళ్లు, లారీ డ్రైవర్లు, వలస కూలీల మధ్య స్వచ్ఛంద సంస్థల ద్వారా పనిచేసే ప్రాజెక్టులున్నాయి. చాలాచోట్ల ఆ సమూహంలోని వ్యక్తే పీర్ ఎడ్యుకేటర్. కండోమ్ అందించేది, సుఖవ్యాధి ఉంటే ఆస్పత్రికి తీసుకెళ్లేది, పరీక్షకు గడువైందని గుర్తుచేసేది ఆ మనిషే. ఇచ్చేది చిన్న గౌరవ వేతనం. అది నాలుగు నెలలు ఆగితే వాళ్లు వేరే పని చూసుకుంటారు. ఏ సందులో ఎవరుంటారో, ఎవరు ఎవరి మాట వింటారో ఆ జ్ఞానం కూడా వాళ్లతోనే వెళ్లిపోతుంది. మరుసటి ఏడాది కేటాయింపు పెంచినా అది వెనక్కి రాదు.

కోత పెట్టేవాళ్లకు మాత్రం ఇంతకంటే సులువైన పద్దు దొరకదు. మందులు ఆగితే రోగులు ధర్నాకు దిగుతారు. ఇన్ఫెక్షన్ రాకుండా తప్పించుకున్న మనిషికి తాను తప్పించుకున్నాననే తెలియదు, ఇక ధర్నా ఎవరు చేస్తారు? మన జాతీయ ఎయిడ్స్ కార్యక్రమానికి 2013–14లో 1,785 కోట్ల రూపాయలు కేటాయించారు. 2015–16 నాటికి అది 1,397 కోట్లకు దిగింది. పైగా 2014 నుంచి డబ్బు రాష్ట్ర ఖజానాల మీదుగా పోవడంతో చాలాచోట్ల క్షేత్ర సిబ్బందికి జీతాలు ఆలస్యమయ్యాయి. కాగితం మీద కోత అయిదో వంతే. కానీ మిగతా నాలుగు వంతుల్లో వేళకు చేతికందనిది కూడా కోత కిందే లెక్క.

‘వ్యాధి తగ్గుముఖం పట్టింది కదా, ఇంకా ఎందుకింత ఖర్చు?’ అన్నది మొదటి అభ్యంతరం. తగ్గింది నిజమే. 2023 అంచనాల ప్రకారం దేశంలో ఏటా కొత్త ఇన్ఫెక్షన్లు 68 వేల పైచిలుకు. 2010తో పోలిస్తే 44 శాతం తక్కువ. ఒకప్పుడు దేశంలోని ఆరు అధిక వ్యాప్తి రాష్ట్రాల్లో ఒకటిగా లెక్కించిన ఆంధ్రప్రదేశ్‌లోనూ తగ్గింది. అయినా 2021 అంచనాల్లో అక్కడి వ్యాప్తి 0.67 శాతం, జాతీయ సగటుకు మూడింతలు. జ్వరం దిగిందని మధ్యలో మందు మానేస్తే ఏమవుతుందో ఇంట్లో పెద్దవాళ్లకు వేరే చెప్పాలా?

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడి రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గితే లైంగికంగా ఇతరులకు సోకదు. మరి చికిత్సకే డబ్బంతా పెడితే చాలదా? చాలదు. దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్న 25 లక్షల మందిలో దాదాపు అయిదో వంతు మందికి ఆ సంగతే తెలియదు. తెలియనివాళ్లు ఏఆర్‌టీ సెంటర్ గుమ్మం ఎక్కరు. వాళ్లను వెతికి పరీక్ష దాకా తెచ్చేది మళ్లీ ఆ పీర్ ఎడ్యుకేటరే.

డయాలసిస్‌కూ క్యాన్సర్‌కూ డబ్బు చాలనప్పుడు ఇది అవసరమా అనేవాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ 2004 నుంచి ఏఆర్‌టీ ఉచితం. పాతికేళ్ల వయసులో ఇన్ఫెక్షన్ సోకినవారికి ఇకపై నలభయ్యేళ్లు మందులివ్వాల్సింది అదే ఖజానా. ఈ ఏడాది మిగిల్చినట్టు కనిపించే డబ్బు రేపు డయాలసిస్ వాటాలోంచే పోతుంది. అలాగని ఈ పద్దులో ప్రతి రూపాయీ పవిత్రమని నేననను. పరిచయాలు వీధి మూలల నుంచి ఫోన్ యాప్‌లలోకి మారాక పాత పటాలు పట్టుకు తిరగడం దండగే. మిజోరంలో వ్యాప్తి రెండు శాతం దాటింది. డబ్బు అటు మళ్లించాలి తప్ప పద్దు దాటి పోనివ్వకూడదు.

విదేశీ సాయం ఆదుకుంటుందన్న ధీమా కూడా ఇప్పుడు లేదు. 2021లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం మొదలైన ‘మిత్ర్’ క్లినిక్ అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచేది. 2025 జనవరిలో వాషింగ్టన్‌లో ఒక్క సంతకంతో నిధులు ఆగాయి, నారాయణగూడలో తలుపులు మూతపడ్డాయి. కొన్ని నెలల తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో, ‘సబ్‌రంగ్’ అన్న కొత్త పేరుతో తెరుచుకుంది. అన్ని క్లినిక్‌లకూ అలాంటి దాత దొరకడు. 2021–26 మధ్య అయిదేళ్లకు కేంద్రం ఈ కార్యక్రమానికి 15,471.94 కోట్లు మంజూరు చేసింది. ఆ తర్వాతి దశలోనైనా క్షేత్ర సిబ్బంది వేతనాలను ఏఆర్‌టీ మందుల బిల్లుతో సమానంగా, తప్పనిసరి ఖర్చుగా రాయాలి. ఏప్రిల్‌లో విడుదల చేయాలి. సవరించిన అంచనాల వేళ వాటి జోలికి పోకూడదు.